అమ్మానాన్నలతో సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్, బుక్ చేసే ముందు ఏం చూసుకోవాలి?

కృష్ణాతీరం
జనవరి 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారమండి. నాన్నకి 60 నిండాయి, ఫిబ్రవరి మొదట్లో తెనాలిలో షష్టిపూర్తి, అది అయ్యాక ఏప్రిల్లో ఇద్దరూ మా దగ్గరికి డల్లాస్ వస్తున్నారు, బి2 (విజిటర్) వీసాలు ఎప్పుడో వచ్చేశాయి. నాన్న ఆర్టీసీలో బస్సు నడిపారు, జీవితమంతా స్టీరింగ్ దగ్గరే, కిటికీ పక్కన ఊరికే కూర్చుని ప్రయాణం చేసింది చాలా తక్కువ. అందుకే జూన్ రెండో వారంలో సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ చేయిద్దామని మా ఆవిడా నేనూ అనుకున్నాం. మేమిద్దరం, ఆరేళ్ళ పాప, అమ్మానాన్న, రెండు గదులు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బీపీ, పైగా పూర్తి శాకాహారి. ఏ గది తీసుకోవాలి, తిండి సంగతి ఏంటి, ఇప్పుడే బుక్ చేయాలా ఆగాలా, ఏదీ తెలియట్లేదు. సైట్లో మొదట చూపించిన రేటుకీ ఆఖరి పేజీలో రేటుకీ పొంతన లేదు, అదెందుకో కూడా చెప్పండి ప్లీజ్.

సియాటిల్_చినుకు
జనవరి 9, రాత్రి 10:55

కృష్ణాతీరం గారూ, గది తర్వాత చూద్దాం, ముందు పాస్‌పోర్టుల సంగతి చెప్పండి. మీరూ మీ ఆవిడా హెచ్‌1బి (ఉద్యోగ వీసా), హెచ్‌4 (వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉండి ఇండియన్ పాస్‌పోర్టే అయితే మీ నలుగురికీ కెనడా విజిటర్ వీసా కావాలి. సియాటిల్లో ఎక్కి సియాటిల్లో దిగే ఓడ కదా కెనడా ఎక్కడొచ్చిందీ అనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం. రూట్ మ్యాప్‌లో ఆఖరి రోజు సాయంత్రం విక్టోరియా అని ఉంటుంది చూడండి, అది బ్రిటిష్ కొలంబియా, అంటే కెనడా. ఓడ ఆగేది ఏ నాలుగైదు గంటలో, మీరు ఓడ దిగకుండా లోపలే కూర్చున్నా సరే వీసా ఉండాల్సిందే. లేకపోతే సియాటిల్లో చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, డబ్బులు కూడా వెనక్కి రావు.

అది తప్పించుకోవడానికి వేరే ఓడ వెతుకుదామన్నా దొరకదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న వాళ్ళని మళ్ళీ అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాసు, పనామా లాంటి దేశాల జెండాల మీదే నడుస్తాయి. అందుకే అన్నిటికీ విక్టోరియానో ఇంకేదో కెనడా ఊరో తప్పదు.

కృష్ణాతీరం
జనవరి 9, రాత్రి 11:20

అయ్యో, ఈ ముక్క ఎవరూ చెప్పలేదండి. ఏజెంట్‌తో అరగంట మాట్లాడాను, పాస్‌పోర్టులు ఏ దేశానివి అని కూడా అడగలేదు. అవును, ఇద్దరం ఇండియన్ పాస్‌పోర్టే, పాప ఇక్కడే పుట్టింది. ఇంకో చిక్కు, నా పాస్‌పోర్టులో హెచ్‌1బి వీసా స్టాంపు గడువు పోయిన ఏడాదే అయిపోయింది, ఐ-797 (ఆమోదం తెలిపే నోటీసు) మాత్రం కొత్తది ఉంది. మరి తిరిగి రానిస్తారా?

రెండు_సూట్‌కేసులు
జనవరి 10, ఉదయం 7:05

బ్రదర్, పదహారేళ్ళుగా ఇక్కడున్నాను, క్రూజులు ఏడు చేశాను కాబట్టి చెప్తున్నా. కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్ళొస్తే, వీసా స్టాంపు గడువు అయిపోయినా ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువు ఉంటే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే రూల్ కింద రానిస్తారు. ఐ-797 ఒరిజినల్ చేతిలో పెట్టుకోండి. కానీ అక్కడ ఉండగా కొత్త అమెరికా వీసాకి అప్లై చేశారంటే ఈ వెసులుబాటు పోతుంది. మీ కేసు కాగితాలు మీ లాయర్‌కి చూపించి ఒక ఈమెయిల్ జవాబు తీసుకోండి, అది లేకుండా డిపాజిట్ కట్టకండి.

ఇంకో మాట, ఇది చదివి ఎవరైనా బహామాస్ క్రూజ్ బుక్ చేసేస్తారేమో, అది కుదరదు. కరీబియన్ దీవులకి ఈ రూల్ ఎఫ్, జె వీసాల వాళ్ళకే, హెచ్‌1బికి కాదు. స్టాంపు అయిపోయిన హెచ్‌1బి వాళ్ళకి కాగితాల గొడవ లేని క్రూజ్ కావాలంటే హవాయి ఉంది, నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళ ప్రైడ్ ఆఫ్ అమెరికా. అమెరికా జెండా మీద నడిచే పెద్ద క్రూజ్ ఓడ అదొక్కటే, హొనొలులులో ఎక్కి ఏడు రోజులు హవాయి దీవులు చుట్టేసి అక్కడే దిగుతాం, దేశం దాటే పనే లేదు. స్నేహితుడి అమ్మానాన్నల్ని దాని మీదే పంపాం.

గ్రీన్ కార్డు వాళ్ళకి 2022 ఏప్రిల్ నుంచి కెనడా వీసా అక్కర్లేదు, కార్డూ గడువున్న పాస్‌పోర్టూ ఉంటే చాలు. పాపకి బర్త్ సర్టిఫికెట్ సరిపోతుందంటారు కానీ పాస్‌పోర్టే తీసుకెళ్ళండి, ఎవరికైనా ఒంట్లో బాగోక మధ్యలో దిగి విమానం ఎక్కాల్సి వస్తే అదే కావాలి.

డల్లాస్_పిన్ని
జనవరి 10, ఉదయం 9:30

అందరూ వీసా కావాలి అంటున్నారు కానీ ఎప్పుడు అప్లై చేయాలో చెప్పట్లేదు, అసలు చిక్కు అక్కడే ఉంది బాబూ. మీ అమ్మానాన్నలు ఏప్రిల్లో వస్తారు, వచ్చాక ఇక్కడి నుంచి అప్లై చేద్దాంలే అనుకుంటారు. ఇక్కడి నుంచి కూడా చేయొచ్చు, కాదనను. కానీ ఓడ జూన్ 14 అనుకో, ఫైనల్ పేమెంట్ మామూలుగా 90 రోజుల ముందు, అంటే మార్చి మధ్యలో, కొన్ని కంపెనీలు 120 రోజులు కూడా అడుగుతాయి. అది దాటాక క్యాన్సిల్ చేస్తే కొంత కోస్తారు, ఇంకా దగ్గరికి వచ్చేకొద్దీ మొత్తం పోతుంది. అంటే మీ వాళ్ళు విమానం ఎక్కకముందే మీరు పూర్తి డబ్బు కట్టేసి ఉంటారు, వీసా వస్తుందో రాదో తెలియకుండానే!

అందుకని ఈ నెలలోనే ఆన్‌లైన్లో వాళ్ళ అప్లికేషన్లు పెట్టేసేయ్, హైదరాబాద్ సెంటర్లో వేలిముద్రలు ఇచ్చి రమ్మను. ఒక్కొక్కరికి 100 కెనడా డాలర్లు ఫీజు, 85 వేలిముద్రలకి. షష్టిపూర్తి హడావిడిలో పడి వదిలేయకు నాన్నా. డిపాజిట్ మాత్రం రిఫండబుల్ అని రాసి ఉన్న రేటు మీదే కట్టు, నాన్ రిఫండబుల్ ఓ వంద తక్కువ చూపిస్తుంది, దానికి ఆశపడకు. మేము ఆశపడి అత్తగారి వీసా లేటయ్యేసరికి డిపాజిట్ మొత్తం వదులుకున్నాం.

వాల్తేరు_అల
జనవరి 10, మధ్యాహ్నం 1:15

ఆఖరి పేజీ రేటు గురించి అడిగారు కదా, ఎవరూ చెప్పలేదు. సైట్లో కనిపించేది తలకి రేటు, అదీ గదిలో ఇద్దరుంటే. ఒక్కరే ఉంటే దాదాపు ఇద్దరి డబ్బులూ కట్టాలి. మూడో మనిషికి, అంటే మీ పాపకి, తక్కువ పడుతుంది. దాని మీద కొన్ని సైట్లలో రేవు ఫీజులు, పన్నులు. ఆ తర్వాత గ్రాట్యుటీ, పనివాళ్ళకిచ్చే టిప్పు, రోజుకి తలకి 16 నుంచి 20 డాలర్ల దాకా, పిల్లలకి కూడా. మీ ఐదుగురికీ ఏడు రోజులకి లెక్కేసుకోండి, రోజుకి 16 అనుకున్నా 560 డాలర్లు. వైఫై వేరే, డ్రింక్స్ ప్యాకేజీ వేరే (మందు తాగని ఇంట్లో అది దండగ, నీళ్ళు టీ కాఫీ బఫేలో ఊరికే ఇస్తారు), రేవుల్లో టూర్లు వేరే. అలాస్కాలో టూర్లకే చేయి కాలుతుంది, టికెట్ కంటే ముందు టూర్ల రేట్లు చూడండి.

బుక్ చేశాక కూడా వారానికోసారి రేటు చూస్తూ ఉండండి. ఫైనల్ పేమెంట్ కట్టే లోపు తగ్గితే ఫోన్ చేసి అడగండి, చాలా కంపెనీలు తగ్గించి ఇస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆఫర్లు ఎక్కువ ఉంటాయి కాబట్టి మీరు సరైన టైంలోనే ఉన్నారు. మే, సెప్టెంబరు చవక, జూన్ జులై ఆగస్టు పిల్లల సెలవులు కదా, ఖరీదు.

మేము వైజాగ్ వాళ్ళం, మా మొదటి ఓడ 2022 జూన్లో ఇక్కడి రేవుకే వచ్చిన కార్డీలియా ఎంప్రెస్. అప్పుడు కొత్త క్రూజ్ టెర్మినల్ ఇంకా రాలేదు. అమ్మకి అందులోనే అలవాటైంది, ఆ తర్వాతే దూరం క్రూజులకి ధైర్యం చేసింది. పెద్దవాళ్ళకి ఓడ పడుతుందో లేదో తెలియకపోతే ముందు అలా రెండు మూడు రాత్రుల చిన్నది చూసుకోవడం మంచిది.

కాజీపేట_జంక్షన్
జనవరి 10, సాయంత్రం 6:40

అన్నా నమస్తే. మేము పోయినేడు హైదరాబాద్ నుంచి సింగపూర్ పోయి అక్కడ ఓడెక్కినం, మూడు రాత్రులు, పెనాంగ్ ఫుకెట్ తిప్పి మళ్ల సింగపూర్ల దింపిండ్రు. రూమ్ గురించి నేను చెప్తా, ఎందుకంటే మాకు గదే తప్పు పడ్డది. పైన స్విమ్మింగ్ పూల్ ఉన్న ఫ్లోర్ కింద రూమ్ ఇచ్చిండ్రు, పొద్దుగాల ఐదున్నరకే పైన కుర్చీలు గుంజుడు షురువు, గర్ గర్ మని ఒకటే సప్పుడు, మా నాయన మూడు రోజులు నిద్రపోలే. గ్యారంటీ రూమ్ అని ఉంటది, కొంచెం సస్తా, కానీ ఏ రూమ్ ఇస్తరో వాళ్ల ఇష్టం. పెద్దోళ్లు ఉంటే అది వద్దు. డెక్ ప్లాన్ (ఏ ఫ్లోర్ల ఏమేమున్నదో చూపే మ్యాప్) ఓపెన్ చేసి నీ రూమ్ మీద ఏమున్నది కింద ఏమున్నది చూడు, రెండు దిక్కుల రూములే ఉండాలె. డ్యాన్స్ హాల్ మీద తీసుకోకు, కిచెన్ కింద తీసుకోకు. ఓడ నడిమిట్ల, కింది ఫ్లోర్లల్ల ఊగుడు తక్కువుంటది. లిఫ్ట్ దగ్గర ఉంటే అమ్మకు నడక తక్కువ, కానీ లిఫ్ట్‌కు ఆనుకొని వద్దు, నాలుగైదు రూములు అవతల మంచిగుంటది.

సింగపూర్ పోయెటోళ్లు ఎవరన్న చదువుతుంటే ఒక ముచ్చట, సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉందా లేదా చూసుకోండ్రి, ఓడ బయటికి పోయి మళ్ల లోపలికి వస్తది కదా. అరైవల్ కార్డు కూడా రెండోసారి నింపాలె.

కృష్ణాతీరం
జనవరి 11, ఉదయం 8:20

కాజీపేట అన్నా, చాలా థాంక్స్, డెక్ ప్లాన్ అనేది ఒకటుంటుందనే తెలియదు నాకు. పిన్నిగారూ, నిన్న రాత్రే నాన్నతో మాట్లాడాను, ఈ వారంలోనే ఫారాలు నింపుతున్నాం. ఇంకా రెండు అడగాలి. అమ్మానాన్నలకి బాల్కనీ గది అవసరమా, కిటికీ గది సరిపోతుందా? అమ్మకి తిండి?

సియాటిల్_చినుకు
జనవరి 11, మధ్యాహ్నం 12:10

వేరే చోట్లకి నేను బాల్కనీ దండగ అంటాను, అలాస్కాకి మాత్రం అమ్మానాన్నల గదికి తీసుకోండి, మీ గది మామూలుది తీసుకున్నా పర్వాలేదు. చలికి అమ్మగారు పై డెక్ మీద ఎంతసేపని నిలబడతారు, బాల్కనీ అయితే కుర్చీ వేసుకుని దుప్పటి కప్పుకుని తలుపు తీసి కూర్చోవచ్చు. కుడి వైపా ఎడమ వైపా అని బుర్ర పాడుచేసుకోకండి, గ్లేసియర్ (మంచు నది) దగ్గర ఓడని మెల్లగా తిప్పి రెండు వైపుల వాళ్ళకీ చూపిస్తారు. అన్ని ఓడలూ గ్లేసియర్ బే అనే నేషనల్ పార్కుకి వెళ్ళవు, ఆ పార్కులోకి రోజుకి రెండు పెద్ద ఓడలకే అనుమతి, కాబట్టి అది ఉన్న రూటే చూసి బుక్ చేయండి. నాకైతే మిగతా అన్ని ఊళ్ళూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

ఊగడం సంగతి కూడా చెప్పాలి. సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు, అంటే తెరిచిన పసిఫిక్ సముద్రం మీదుగా వెళ్తాయి, మొదటి రోజూ ఆఖరి రోజూ కాస్త ఊగుతుంది. వాంకూవర్లో ఎక్కితే దీవుల మధ్య నుంచి వెళ్తుంది, నీళ్ళు నిలకడగా ఉంటాయి. ఎలాగూ కెనడా వీసా తీస్తున్నారు కదా, అదీ ఆలోచించండి. వాంతుల మాత్ర ఏది వాడాలో అమ్మగారి బీపీ డాక్టర్నే అడగండి, అదీ ఓడ ఊగడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకుంటేనే పనిచేస్తుంది.

డల్లాస్_పిన్ని
జనవరి 11, సాయంత్రం 5:45

తిండికి దిగులు పడకు. బుక్ చేసినప్పుడే శాకాహారం అని రాయించు, గుడ్డు కూడా తినరంటే అదీ రాయించు. మొదటి రోజు రాత్రి డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ని పిలిచి మాట్లాడు, చాలా ఓడల్లో వంటవాళ్ళలో మనవాళ్ళు ఉంటారు, రేపటికి ఏం కావాలో ఇవాళ చెప్తే పప్పూ కూరా చేసి పెడతారు. కారం ఉండదనుకో. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ కొట్టులో కొన్న సీలు ప్యాకెట్లు తీసుకెళ్ళు, ఇంట్లో సీసాలో పెట్టింది చాలా ఓడల్లో రానివ్వరు. కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె అసలు వద్దు, స్కానింగ్‌లో తీసేసుకుని ఆఖరి రోజు ఇస్తారు. ఓడలో పళ్ళు సంచీలో వేసుకుని రేవులో దిగొద్దు, అక్కడ ఒప్పుకోరు.

మందుల పెట్టె మాత్రం సూట్‌కేసులో పెట్టకు! రేవులో పెట్టెలు పోర్టర్ తీసుకుంటాడు, అవి గది ముందుకి వచ్చేసరికి సాయంత్రం ఏడూ ఎనిమిదీ. మా అత్తగారి ఇన్సులిన్ సంచీ అలా వెళ్ళిపోయింది, ఆవిడ వరండాలో గోడ పట్టుకుని నిలబడి వచ్చే ప్రతి ట్రాలీ చూస్తూ ఉంటే నా ప్రాణం పోయింది. పాస్‌పోర్టులు, మందులు, ఒక జత బట్టలు చేతిసంచీలోనే.

రెండు_సూట్‌కేసులు
జనవరి 11, రాత్రి 9:00

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ అనలేదు. పెద్దవాళ్ళకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా బయట, సముద్రం మీద చెల్లుతుందా అని రాతపూర్వకంగా అడగండి. పాత జబ్బులకి ఎంతవరకు ఇస్తారో, ఆ వయసుకి పరిమితి ఏమిటో చదవండి. ఓడ మీద డాక్టర్ ఉంటాడు కానీ బిల్లు చేతి నుంచి కట్టాలి, హెలికాప్టర్లో తీసుకెళ్ళాల్సి వస్తే వేల డాలర్లు, కాబట్టి మెడికల్ ఎవాక్యుయేషన్ ఉన్న పాలసీయే తీసుకోండి. డిపాజిట్ కట్టిన రెండు వారాల్లోపు కొంటే పాత జబ్బులకి ఇవ్వం అనే షరతు ఎత్తేసే పాలసీలు ఉన్నాయి.

ఓడ బయల్దేరే రోజే విమానంలో దిగకండి, ముందు రోజే సియాటిల్ చేరండి. అక్కడ రెండు క్రూజ్ టెర్మినల్స్, పియర్ 66, పియర్ 91, మీ టికెట్ మీద ఏది ఉందో చూసే క్యాబ్ ఎక్కండి. ఓడెక్కగానే ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి, ఓడ సొంత నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు మోత మోగుతుంది. అలాస్కా టైం సియాటిల్ కంటే గంట వెనక, అందుకని మామూలు చేతి గడియారం ఒకటి ఓడ టైంకి పెట్టుకుని అదే నమ్మండి. సొంతంగా టూర్ తీసుకుని లేటైతే ఓడ ఆగదు, ఓడ వాళ్ళ టూర్ అయితే ఆగుతుంది.

ఓడ ఆగే అలాస్కా ఊరు స్కాగ్వేలో వైట్ పాస్ రైలు అమ్మగారికి బాగుంటుంది, మెట్లెక్కే పని తక్కువ, కిటికీ పక్కన కూర్చుంటే చాలు. 1898లో బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో మొదలుపెట్టిన లైను. కొన్ని ట్రిప్పులు కెనడాలోకి వెళ్తాయి, వాటికి పాస్‌పోర్టూ వీసా చూపించాలి.

కృష్ణాతీరం
మార్చి 8, ఉదయం 6:30

పాత త్రెడ్ పైకి తెస్తున్నాను. అమ్మానాన్నలకి కెనడా వీసాలు వచ్చేశాయి! పొద్దున్నే అమ్మ స్టాంపు ఫోటో వాట్సాప్‌లో పంపింది. మా ఇద్దరివీ పోయిన వారమే వచ్చాయి, లాయర్ జవాబు కూడా ప్రింట్ తీసి పెట్టుకున్నాను. ఫైనల్ పేమెంట్ మార్చి 16, ఇంకా ఎనిమిది రోజులుంది. ఈ మధ్యలో రేటు ఒకసారి తగ్గితే ఫోన్ చేశాను, రెండు గదుల మీదా తగ్గించారు. పిన్నిగారూ, మీరు ఆ రోజు తేదీలు లెక్కగట్టి చెప్పకపోయుంటే ఈపాటికి ఏమయ్యేదో.

కృష్ణాతీరం
జూన్ 23, రాత్రి 11:05

మొన్న తిరిగొచ్చాం. తర్వాత వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నాను.

చెకిన్ కౌంటర్లో నలుగురి కెనడా వీసాలూ ఒక్కొక్కటీ తిప్పి చూశారు. మా పక్క లైన్లో ఒక కుటుంబం, తాతగారూ అమ్మమ్మగారూ సూట్‌కేసుల మీద కూర్చుని ఉన్నారు, వాళ్ళ అబ్బాయి ఫోన్లో ఎవరితోనో బతిమాలుతున్నాడు, విక్టోరియా అని వినపడింది. నాకు నోట మాట రాలేదు. బుక్ చేసేటప్పుడు దయచేసి అందరికీ ఈ మాట చెప్పండి.

అమ్మకి మొదటి రాత్రి తల తిరిగింది, మాత్ర ముందే వేసుకోవడం వల్ల పొద్దున్నకి తేలికపడింది. బాత్రూమ్ గడప ఎత్తుగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ముందే చూసుకోవాలి, రాత్రిపూట లైటు వేసి ఉంచాం. వీల్‌చెయిర్ రేవులో అడిగితే ఇచ్చారు, గది దాకా తోసుకెళ్ళారు. అలాస్కా రేవు కెచికాన్లో రోజంతా వాన, ఆ ఊళ్ళో ఎప్పుడూ అంతేనట, గొడుగు కంటే రెయిన్ కోటు నయం. తిండికి మొదటి పూటే కాస్త ఇబ్బంది, రెండో రోజు నుంచి పప్పూ చపాతీ మా టేబుల్‌కి వచ్చేవి, పెరుగు బఫేలో ఉంది, కందిపొడి నాలుగో రోజుకే అయిపోయింది, ఇంకో రెండు ప్యాకెట్లు పెట్టుకోవాల్సింది. తిరిగొచ్చాక అమ్మానాన్నల ఐ-94 సైట్లో చూసి ప్రింట్ తీశాను.

గ్లేసియర్ బేలో నాన్న పొద్దున ఆరింటి నుంచి బాల్కనీ వదల్లేదు. పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో చెప్తూ ఉన్నారు. మార్జరీ గ్లేసియర్ ముందు మంచు గోడ నుంచి ఒక ముక్క విరిగి నీళ్ళలో పడింది, కళ్ళకి ముందు కనపడింది, ఉరుము లాంటి చప్పుడు ఆ తర్వాత వచ్చింది. అమ్మ నా చేయి పట్టేసుకుంది. నాన్న మాత్రం మంచు వైపు చూడట్లేదు, కింద నీళ్ళ వైపు చూస్తున్నారు. ఓడ ఉన్నచోటే మెల్లగా తిరుగుతోంది. "రివర్సు లేదు, ముందుకీ పోలేదు, ఇంత పెద్ద బండిని నిలబెట్టిన చోటే తిప్పుతున్నాడు చూడరా" అన్నారు. చాలాసేపు రెయిలింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడ్డారు.

సియాటిల్_చినుకు
జూన్ 24, ఉదయం 7:50

చదువుతుంటే కళ్ళు చెమర్చాయండి. మీ ఓడ పియర్ 91 కదా? సెప్టెంబరులో మా అత్తామామల్ని తీసుకెళ్తున్నాం, దిగిన రోజు పొద్దున క్యాబ్ దొరకడానికి ఎంతసేపు పట్టింది?

కృష్ణాతీరం
జూన్ 24, ఉదయం 8:15

91 అండి. ఏడున్నరకి దిగాం, కస్టమ్స్ లైను అరగంట, క్యాబ్ లైను ఇంకో ముప్పావుగంట. తిరుగు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతదే తీసుకోండి. అత్తయ్యగారికి వీల్‌చెయిర్ కావాలంటే ముందు రోజు రాత్రే గెస్ట్ సర్వీసెస్‌లో పేరు రాయించండి, పొద్దున అడిగితే క్యూ పెద్దది.